ఎడమ కాలి ఎర్ర చెప్పు

నీవెస్ గీసిన బొమ్మల్ని బల్ల మీద పరిచి, తల అటూ ఇటూ వంచి చూసి, ఎల్వియో అన్న మొదటి మాట ఇది.

"ఈ అమ్మాయికి రెండూ కుడికాళ్ళేనండీ. పాపం, నడిచేదెలా?"

నీవెస్‌కి ఒళ్ళు మండిపోయింది. ఆ గురువారం పొద్దున్నే మిలాన్‌లో రైలెక్కి, పాదువాలో బస్సు మారి, బ్రెంతా కాలువ గట్టంతా వానలో తడుస్తూ ఈ చెప్పుల కార్ఖానాకి వచ్చింది, గంటన్నర కూర్చుని గీసింది, ఈ మాట పడటానికా?

"నేను గీసేది ఫ్యాషన్ బొమ్మలు. ఆసుపత్రి గోడకి తగిలించే పటాలు కాదు."

"ఫ్యాషన్ అమ్మాయిలకి ఎడమకాలు ఉండదా?"

"మీ షెల్ఫుల నిండా కుడికాలి చెప్పులే పెట్టుకుంటే నేనేం చేయను? చూసింది చూసినట్టు గీశాను!"

మాట నిజమే. ఆ ఊళ్ళో నమూనా చెప్పు ఒక్క కాలికే కుడతారు. అదీ కుడికాలికి, ముప్ఫై ఏడో సైజులో. ఆర్డరు వస్తేనే దానికి జోడు పుడుతుంది. రాకపోతే ఆ ఒంటి చెప్పు అలాగే షెల్ఫు మీద మిగిలిపోతుంది. నీవెస్ ఒక చెప్పుని చూసి రెండు కాళ్ళకీ అదే తొడిగేసింది.

"ఎల్వియో!" కుట్టుమిషను దగ్గర నుంచి వాళ్ళమ్మ ఓర్నెల్లా కేక వేసింది. కార్ఖానా ఆవిడదే. "వచ్చినమ్మాయికి కాఫీ ఇవ్వకుండా కాళ్ళు లెక్కపెడుతున్నావేంట్రా?"

అతను నాలిక్కరుచుకుని కాఫీ తెచ్చాడు. చెప్పులు కుట్టడానికి వాడే చెక్క అచ్చులు చెక్కడం అతని పని. చేతుల నిండా చెక్కపొట్టు. కొంచెం కాఫీలోనూ పడింది.

కోపం ఎంత ఉన్నా, అతను పట్టుకున్న తప్పు సరైనదేనని నీవెస్‌కి లోపల తెలుసు. ముఖాలు, గౌన్ల ముడతలు, గాలికెగిరే పైటలాంటి శాలువాలు ఆమె గీస్తే చూడాల్సిందే. కాళ్ళ దగ్గరికి వచ్చేసరికి ఏదో ఒక వంక వెతికేది. గౌను నేలదాకా దింపేసేది, లేదంటే మోకాలెత్తు గడ్డి మొలిపించేది, అదీ కుదరకపోతే కాగితం అక్కడికి అయిపోయేది. నాలుగేళ్ళు ఇలాగే నెట్టుకొచ్చింది.

చివరికి ఆమె పనిచేసే మిలాన్ స్టూడియో పెద్దావిడ పట్టేసింది. "నీ అమ్మాయిలు నిలబడటం లేదు, గాల్లో వేలాడుతున్నారు. వసంతకాలం చెప్పులు బ్రెంతా గట్టున స్ట్రా అనే ఊళ్ళో తయారవుతున్నాయి. వెళ్ళి పది బొమ్మలు గీసుకురా. నెలాఖరుకి ఆ కాళ్ళు నేలని తాకితే ఉద్యోగం ఉంటుంది."

అందుకే రెండో గురువారం కూడా వచ్చింది, పళ్ళు బిగబట్టుకుని.

"చెప్పులు విప్పండి," అన్నాడు ఎల్వియో.

"ఎందుకూ?"

"మీ దగ్గర రెండు రకాలూ ఉన్నాయి కదా. కుడిదీ, ఎడమదీ."

నవ్వొచ్చింది కానీ నవ్వలేదు. గోధుమరంగు కాగితం మీద ఆమెను నిలబెట్టి, పెన్సిలు చేతికిచ్చి, పాదాల చుట్టూ ఆమెనే గీసుకోమన్నాడు. చూస్తే ఎడమది కుడిదానికన్నా బియ్యపుగింజంత పెద్దది.

"నా కాలు తేడాగా ఉందా?"

"చాలామందికి ఉంటుంది. చెప్పులవాళ్ళకి తప్ప ఎవరికీ తెలీదు. ఇప్పుడు చీలమండ చూడండి. లోపలి ఎముక పైకి, బయటిది కిందికి. మీరు రెండూ ఒకే ఎత్తులో పెడుతున్నారు, అందుకే కాలు కొయ్యలా వస్తోంది."

ఇరవై ఆరేళ్ళుగా తన ఒంటి మీదే ఉన్న ఎముకల్ని నీవెస్ అప్పుడే మొదటిసారి చూసింది.

మడమ లేస్తే పాదం ముందు నుంచి ఎలా కనిపిస్తుందో చూపించడానికి ఎల్వియో రెండు చెక్క దిమ్మల మీద మడమలు ఆనించి, నడుం మీద చెయ్యి పెట్టుకుని, మోడల్ అమ్మాయిలా నిలబడ్డాడు. "చూడు, పాదం పొడుగ్గా కనిపిస్తోంది. బరువంతా వేళ్ళ మీద. పిక్క పైకి లాగింది. గీయి, తొందరగా గీయి!" దిమ్మ జారింది. పాలిష్ డబ్బాలతో సహా కింద పడ్డాడు. ఓర్నెల్లా మిషను ఆపి మరీ నవ్వింది. నీవెస్ కళ్ళల్లో నీళ్ళు తిరిగేదాకా నవ్వింది. ఆ తర్వాత వాళ్ళిద్దరి మధ్యా "మీరు" అనే మాట మళ్ళీ వినబడలేదు.

మూడో గురువారం పై అరలో ఒక ఎర్ర చెప్పు కనిపించింది. మడమ మీద చిన్న ముడి, పక్కన సన్నటి పట్టీ. కుడికాలికి వేసుకుంది. అతికినట్టు సరిపోయింది.

"దీని జోడేదీ?" ఒంటికాలి మీద గెంతుతూ అడిగింది.

"లేదు. మూడేళ్ళ కిందటి నమూనా. ఎవరూ ఆర్డరివ్వలేదు. నేను చెక్కిన మొదటి అచ్చు మీద కుట్టిందది."

అతని గొంతులో చిన్న నొప్పి వినిపించింది. ఆమె కూర్చుని ఆ చెప్పుని జోడుగా గీసింది. కుడిది చూసి, ఎడమది ఊహించి. పట్టీ ఎటు తిరగాలో, వంపు ఎటు రావాలో ఒక్కచోట కూడా చెయ్యి ఆగలేదు. ఎల్వియో ఆ బొమ్మని చాలాసేపు చూశాడు. ఆమె అతన్ని చూసింది. బయట వాన ఎప్పుడు వెలిసిందో ఇద్దరికీ తెలీదు.

ఆఖరి గురువారం మాత్రం అంతా వంకరగా నడిచింది. ఎల్వియో గోడకి గుచ్చి ఉంచిన ఆమె పాదాల కాగితం లేదు. ఎర్రచెప్పుల బొమ్మా లేదు. అడిగితే ఎల్వియో, "ఇక్కడే ఎక్కడో..." అని నసిగి, చేతిలో ఉన్నదేదో ఏప్రాన్ కింద దాచుకున్నాడు.

"వాడినేం అడుగుతావులే," ఓర్నెల్లా కన్నుగీటింది. "ఎవరో అమ్మాయి కోసం అచ్చు చెక్కుతున్నాడు. తిండి ధ్యాస కూడా లేదు."

ఎవరో అమ్మాయి! నీవెస్ పెన్సిలు బల్ల మీద పడేసింది. గబగబా పది బొమ్మలూ సర్దేసుకుంది.

"వచ్చే గురువారం వస్తావుగా?" అన్నాడతను.

"పనైపోయింది. ఎందుకు రావాలి?"

అతను ఏప్రాన్ కింద ఉన్నదాన్ని ఇంకా గట్టిగా పట్టుకున్నాడు. చెక్కతో తప్ప మనుషులతో మాట్లాడటం అంతగా చేతకాదు పాపం.

సోమవారం స్టూడియో పెద్దావిడ బొమ్మలు ఒక్కొక్కటీ చూసింది. ఒక బొమ్మ మడమ కింద వేలు పెట్టి, "నిలబడింది," అంది. "ఉద్యోగం నీదే."

నీవెస్‌కి సంతోషించాలని గుర్తొచ్చింది. కానీ ఈ కబురు ముందు ఎవరికి చెప్పాలనిపించిందో ఆ మనిషి ఇంకెవరికో చెప్పులు చేస్తున్నాడు. మెట్లు దిగి వీధిలోకి వచ్చింది. వాన మళ్ళీ మొదలైంది.

ఎదురుగా వరండాలో, గొడుగు లేకుండా, చంకలో అట్టపెట్టెతో ఎల్వియో నిలబడి ఉన్నాడు. తల వంచుకుని పోయేవాళ్ళందరి కాళ్ళూ పరీక్షగా చూస్తున్నాడు. ఆమె కాళ్ళు కనబడగానే తలెత్తాడు.

"ముఖం చూడకుండానే గుర్తుపట్టావా?"

"ఆ ఎడమకాలిని ఎక్కడైనా గుర్తుపడతాను. వారం రోజులు చెక్కాను మరి." పెట్టె చాచాడు.

లోపల ఎర్ర చెప్పు. ఒక్కటే. ఎడమది.

"నీ బొమ్మ చూసి చేశాను. ఒక్క గీత కూడా మార్చలేదు. ఆర్డరు లేకుండా మా ఇంట్లో ఎవరూ ఎప్పుడూ జోడు కుట్టలేదు, అయినా అమ్మ కూడా తిట్టలేదు... నువ్వంటే నాకు చాలా ఇష్టం నీవెస్. గురువారాలు చాలడం లేదు."

నీవెస్ చెప్పుని చేతిలోకి తీసుకుంది. అక్కడే మెట్టు మీద కూర్చుని చెప్పు తొడుక్కుంది. బియ్యపుగింజంత కూడా తేడా లేదు.

"నాకూ చాలడం లేదు," అంది తలెత్తి. "కుడిది తేలేదేం, మొద్దూ?"

"పై అరలోనే ఉంది." అతను చెవులదాకా ఎర్రబడ్డాడు. "దాని కోసమైనా వస్తావని."

నీవెస్ లేచింది. ఎడమకాలికి ఎత్తు మడమ ఎర్ర చెప్పు, కుడికాలికి తన పాత చదును బూటు. కుంటుతూ అతని చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"పద. గురువారం దాకా ఎవరాగుతారు?"

సాయంత్రం వాళ్ళు బస్సు దిగి, ఒకరినొకరు పట్టుకుని కుంటుకుంటూ కాలువ గట్టు మీదుగా వచ్చేసరికి, ఓర్నెల్లా బల్ల మీద ముగ్గురికి పళ్ళేలు పెట్టి ఉంచింది. కుడికాలి ఎర్ర చెప్పు, దుమ్ము తుడిచి, పాలిష్ పట్టించి, గుమ్మం దగ్గరే ఉంది.