నడి ఎండలో మూడో ముడి

మధ్యాహ్నం రెండు గంటలు...

నీడలు మనుషుల పాదాల కిందికి దూరి దాక్కునే వేళ! దక్షిణ ఇటలీ కొండపల్లెల్లో దాన్ని కొంత్రోరా అంటారు. ఆ వేళ తలుపులన్నీ మూసుకుంటాయి. కుక్కలు మొరగవు. అర్ధరాత్రికి సైతం జంకని ముసలివాళ్ళు ఆ రెండు గంటలపాటు గడప దాటరు. ఆ ప్రచండమైన వెలుగులో, ఆ భయానక నిశ్శబ్దంలో వీధుల వెంట నడిచేవి ఏమిటో వాళ్ళకు తెలుసు...

సరిగ్గా ఆ వేళే లుకానియా కొండల్లో, కోతకొచ్చిన గోధుమచేల నడుమ, ఒక తెల్లటి అద్దె కారు ఒంటరిగా మెలికల దారి ఎక్కుతోంది.

తోలుతున్నవాడు డొనాటో. పక్కన అతని భార్య రొక్కీనా. వెనక సీట్లో రొక్కీనా తమ్ముడు సబీనో, అతని భార్య ఎర్సీలియా. వాళ్ళ పెళ్ళయి పదకొండు రోజులే అయింది. నలుగురూ కలిసి వారం రోజులుగా పల్లెలు తిరుగుతున్నారు.

ఎర్సీలియాకు ఈ వారంలో ప్రతిదీ పండగే. కారు అద్దం సగానికి దిగి ఇరుక్కుపోవడం, రేడియోలో ఒకే ఒక్క స్టేషను పలకడం, అందులో ఎవరో పెద్దాయన పొద్దస్తమానం టమాటా తెగుళ్ళ గురించి మాట్లాడటం... పొద్దున దారిపక్కన కొన్న చెర్రీపళ్ళను సబీనో జంటలు జంటలుగా ఏరి ఆమె చెవులకు తగిలించాడు. తీసెయ్యడానికి ఆమెకు మనసొప్పలేదు. పెంచిన అమ్మమ్మ కిందటి శీతాకాలంలో పోయింది. ఈ లోకంలో ఆమెను నా మనిషి అనేవాడు ఇప్పుడు సబీనో ఒక్కడే.

"నాలుగు కొట్టేదాకా కిందే ఆగుదామని చెప్పానా లేదా," అంది రొక్కీనా. "ఈ వేళప్పుడు ఎవరి తలుపూ తట్టకూడదు. అందులోనూ ఆయన తలుపు."

"ఏడింటికల్లా నేపుల్స్‌లో కారు అప్పజెప్పాలే తల్లీ," అన్నాడు డొనాటో. "దయ్యాలు పడుకున్నాక బయల్దేరామండీ అంటే ఆఫీసువాడు ఊరుకుంటాడా?"

"అసలు తప్పు నీదక్కా," అన్నాడు సబీనో. "ఊరందరికీ పంచి, ఆయనొక్కడికే పంపకపోతివి."

పంపనిది పెళ్ళి బాదం. పంచదార పూత పూసిన ఐదు తెల్లటి బాదం పప్పులు, జాలీగుడ్డ మూటలో, తెల్ల రిబ్బనుతో కట్టి ప్రతి చుట్టానికీ అందజేయాలి. అందని చుట్టాన్ని చచ్చినవాడిగా లెక్కవేసినట్టే. ఆ ప్రాంతంలో అంతకు మించిన అవమానం లేదు.

"పంపితే పిలిచినట్టు. పిలిస్తే వస్తాడు," అంది రొక్కీనా గొంతు తగ్గించి.

"ఎవరు వదినా ఆయన?" అంది ఎర్సీలియా.

"మా అమ్మకు అన్న. తద్దేయో మావయ్య. కట్లు కడతాడు."

"దేనికి?"

"మనుషులకి."

డొనాటో నవ్వాడు. ఇంకెవరూ నవ్వలేదు. సబీనో తన ఒడిలోని బాదం మూటను సరిచేసుకుని, "ముసలాయనక్కా. చేతిలో పెట్టి, క్షమించమని చెప్పి వచ్చేద్దాం. పది నిమిషాలు," అన్నాడు.

దారి మలుపు తిరిగింది. ఊరు కనిపించింది...

నలభై ఏళ్ళనాటి భూకంపంలో కూలి, జనం లోయలోకి తరలిపోగా మిగిలిన ఊరి అస్థిపంజరం అది. కప్పులేని గోడలు, తలుపులేని గుమ్మాలు, గదుల్లో నడుమెత్తు పెరిగిన అడవి సోంపు. సగం విరిగిన గంటస్తంభం మీద ఒక గుడ్లగూబ... నడి ఎండలో, రెప్పవాల్చకుండా! కారు ఆగగానే అది ఒక్కసారి కూసింది. ఆ కూత గోడ నుంచి గోడకు పాకి, ఊరంతా తిరిగి, మళ్ళీ వాళ్ళ దగ్గరికే వచ్చింది.

ఊరి చివర ఒకే ఒక్క ఇంటికి తలుపుంది. సబీనో తట్టడానికి చెయ్యెత్తేలోపే అది తెరుచుకుంది.

గడపలో తద్దేయో నిలబడి ఉన్నాడు. ఎనభై ఏడేళ్ళ శుష్కదేహం. ఆ దేహంలో ప్రాణమున్నవి కళ్ళు మాత్రమే. అవి సబీనో భుజాలను, మెడను, చేతులను నెమ్మదిగా కొలిచాయి... కొత్త చొక్కా కొనేవాడు కొలిచినట్టు!

"చచ్చినవాడికి బాదం పప్పులెందుకురా అల్లుడూ," అన్నాడు.

"తప్పయింది మావయ్యా. మా పొరపాటే. నువ్వు పెద్దవాడివి, మనసులో పెట్టుకోకు."

"పెట్టుకోను. రండి."

లోపల చీకటి, చల్లదనం, పాత పొగ వాసన. తద్దేయో బల్ల మీద మూడు గ్లాసులు పెట్టి నల్లటి ద్రాక్షసారా పోశాడు. ఎర్సీలియా వైపు తల కూడా తిప్పలేదు. "నాకున్నవి మూడే," అన్నాడు గోడతో చెబుతున్నట్టు. "పైవాళ్ళు వస్తారని అనుకోలేదు."

ఆ మాట ఎర్సీలియాకు గుచ్చుకుంది. కాదంటే మర్యాద కాదని మిగతా ముగ్గురూ తాగారు. ఆమె పరాయిదానిలా గోడవారన నిలబడింది.

డొనాటో తల ముందుగా బల్ల మీదికి వాలింది. రొక్కీనా కళ్ళు తెరిచే ఉన్నాయి గానీ వాటిలో చూపు లేదు. తద్దేయో బాదం మూట విప్పి, పప్పులను నిప్పులేని పొయ్యిలోకి విసిరేసి, రిబ్బనును మాత్రం వేళ్ళకు చుట్టుకున్నాడు. అతని పెదవుల మధ్య నుంచి మంత్రం మొదలైంది... లాటిను కాదు, ఏ ప్రార్థనా కాదు... వెనక్కి నడుస్తున్న ప్రార్థన అది!

మొదటి ముడి పడింది.

సబీనో తలెత్తి ఎర్సీలియాను చూశాడు. మర్యాదగా చూశాడు. "మన్నించండి, కూర్చోండి. మీరెవరో తెలియలేదు," అన్నాడు.

"సబీ, ఆటలాపు."

"ఈవిడెవరు మావయ్యా?"

ఆమె అతని చెయ్యి పట్టుకుంది. రైల్లో కొత్తవాళ్ళ చెయ్యి తగిలినప్పుడు తీసుకున్నట్టు, నొప్పించకుండా, అతను తన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఆ క్షణంలో ఆమెకు ఆ గది అనంతమైన ఎడారిలా తోచింది. అరిచి పిలవడానికి ఊళ్ళో మనిషి లేడు. ఫోను చేయడానికి అమ్మమ్మ లేదు. ఎదురుగా కూర్చున్నవాడికి తను లేదు...

"ఈ విద్య ఇంకొకరి చేతిలో పెడితే తప్ప నాకు చావు రాదు," అన్నాడు తద్దేయో, మొదటిసారి ఆమెనే చూస్తూ. "పెట్టడం నాకిష్టం లేదు. అందుకని ఒళ్ళు మారుస్తాను. ఒక ముడితో పెళ్ళాం పోతుంది. రెండో ముడితో పేరు పోతుంది. మూడో ముడి పడ్డాక అందులో ఉండేది నేను. నీకేం లోటు లేదులే పిల్లా, మొగుడు అదే ముఖంతో ఉంటాడు."

రెండో ముడి పడింది. సబీనో నోరు కొంచెం తెరుచుకుని అలాగే ఉండిపోయింది.

ఎర్సీలియా రిబ్బను మీదికి దూకింది. అందుకోలేకపోయింది! వెనకనుంచి రెండు చేతులు ఆమె గొంతు చుట్టూ బిగుసుకున్నాయి. అవి రొక్కీనా చేతులు. బలం మాత్రం రొక్కీనాది కాదు. జుట్టు విరబోసుకుని, కనుగుడ్లు తిరగబడి, ఆమె నోటి నుంచి గోడలు వణికే కేక వెలువడింది. "దా...హం..."

తద్దేయో నవ్వి పొయ్యి పైనున్న గూడు వైపు గడ్డం ఊపాడు. అక్కడ ఒక పుర్రె ఉంది. పొగచూరి నల్లబడి, కంటి గుంటల్లో సాలెగూళ్ళతో...

"శిథిలాల్లో దొరికింది. అడిగేవాళ్ళు లేరు. నలభై ఏళ్ళుగా చుక్క నీరు చూపించలేదు. దాహంతో ఉన్న ఆత్మ చెప్పిన పని చేస్తుంది."

మళ్ళీ అదే కేక. "దా...హం..."

కొండల్లో పుట్టినవాళ్ళెవరైనా ఆ కేకకు గుండె పగిలి చచ్చేవాళ్ళు. కానీ ఎర్సీలియా పుట్టింది నేపుల్స్‌లో, కొండను తొలిచిన ఒక శ్మశాన గుహ పక్క సందులో. ఆ గుహలో దిక్కులేని పుర్రెలు వేలకు వేలు. సందులోని ఆడవాళ్ళు ఒక్కొక్కరు ఒక్కో పుర్రెను ఎంచుకుని, దుమ్ము తుడిచి, గుడ్డ పరిచి, సొంత మనిషిని చూసుకున్నట్టు చూసుకునేవాళ్ళు. చచ్చాక పాపాలు కడుక్కునే ఉత్తరించే స్థలంలో మంటల మధ్య కాలే ఆత్మలు కోరేది ఒక్కటే, కాస్త చల్లదనం. అమ్మమ్మ సోమవారం సోమవారం ఆమెను వెంట తీసుకెళ్ళి, "వీళ్ళకు మనం తప్ప ఎవరున్నారే," అనేది. ఆరేళ్ళ వయసులో ఎర్సీలియా తను ఎంచుకున్న పుర్రెకు స్కూలు కబుర్లన్నీ చెప్పేది.

ఆ గొంతులోని దాన్ని ఆమె గుర్తుపట్టింది. అది కోపం కాదు... ఒంటరితనం. తన గొంతులో ఇప్పుడు అడ్డుపడి ఉన్నది కూడా అదే.

"నీళ్ళిస్తాను," అంది, ఊపిరాడక ముక్కలు ముక్కలుగా. "నా సంచీలో ఉన్నాయి. నన్నొదులు తల్లీ."

గొంతు చుట్టూ బిగిసిన వేళ్ళు సడలాయి.

తద్దేయో నవ్వు ఆగింది. "దాన్ని ముట్టుకున్నావంటే భుజందాకా చెయ్యి ఎండిపోతుంది," అన్నాడు. అతని వేళ్ళు మూడో ముడికి రిబ్బనును వేగంగా మెలి తిప్పాయి. సబీనో శ్వాస ఆగి ఆగి వస్తోంది. ఇంకో రెండు మాటలతో మంత్రం పూర్తవుతుంది!

ఎర్సీలియా సంచీలోంచి సీసా తీసింది. కారులో ఎండకు కాగి వేడెక్కిన సగం సీసా నీళ్ళు అవి. గూడు దగ్గరికి వెళ్ళి, ఆ నల్లటి కపాలాన్ని రెండు చేతులా కిందికి దించి, ఒడిలో పెట్టుకుని నేల మీద కూర్చుంది. నీళ్ళు పోసింది. గౌను అంచుతో కంటి గుంటల్లోని సాలెగూళ్ళు తుడిచింది. "చల్లబడు," అంది, అమ్మమ్మ అన్నట్టే. "చల్లబడు. ఇంకెవరూ లేకపోతే నేనున్నాను."

ఒక్క బొట్టు కూడా నేల మీద పడలేదు. ఆ ఎముక నీళ్ళన్నీ తాగేసింది...

మేఘం లేని ఆకాశంలో పిడుగు పేలింది! కిటికీ రెక్కలు విరిగి పడ్డాయి. కళ్ళు చీల్చే తెల్లటి ఎండ గది నిండా విరుచుకుపడింది. ఆ వెలుగులో తద్దేయో పెదవులు పగలడం ఎర్సీలియా చూసింది.

మంత్రం చివరి మాటకు అతని నాలుక తిరగలేదు. అది ఎండిపోయింది. బల్ల మీది సారా కూజా ఎత్తి గొంతులో పోసుకున్నాడు. సారా లోపలికి దిగకుండానే ఆవిరైంది. మూలనున్న నీళ్ళ తొట్టిలో ముఖం ముంచాడు. తొట్టి అడుగు పొడిగా తేలింది. నలభై ఏళ్ళ దాహం... ఒక దిక్కులేని ప్రాణం క్షణక్షణం అనుభవించిన దాహమంతా ఇప్పుడు అతనిది! చర్మం ఎండు పొగాకులా ముడుచుకుంది. "నీళ్ళు," అన్నాడు ఎర్సీలియాతో. ఆమె సీసా చాచింది. అందులో ఏమీ మిగల్లేదు. అతని మోకాళ్ళు, నడుము, భుజాలు ఒకదాని తర్వాత ఒకటి బూడిదై రాలిపోయాయి. ఖాళీ కోటు నేల మీద పరుచుకుంది. పిడికిలిలో బిగించి పట్టుకున్న రిబ్బను కొస కూడా అతనితోపాటే పొడి అయింది. మొదటి ముడి ఆ కొసలోనే ఉంది, ఇక ఎవరూ విప్పే వీలు లేకుండా.

మిగిలిన ముక్కలో రెండో ముడి తనంతట తానే జారిపోయింది.

సబీనో గట్టిగా ఊపిరి పీల్చాడు. "అక్కా," అన్నాడు రొక్కీనాను చూసి. "బావకేమైంది?" తర్వాత ఎర్సీలియా వైపు తిరిగాడు. చాలాసేపు చూశాడు. పోల్చుకోలేకపోయాడు.

పాడుబడిన శ్మశానంలో ఒక గోడ నీడన వాళ్ళు ఆ పుర్రెను పూడ్చారు. ఆడమనిషిదో, మగమనిషిదో, ఏ ఇంటిదో తెలియదు. రొక్కీనా మోకాళ్ళ మీద కూర్చుని ఏడుస్తూ, "నా వల్లే అమ్మాయ్. ఆ పప్పులేవో పంపి ఉంటే అయిపోయేది," అంది. ఎర్సీలియా ఆమె జుట్టు ముడివేసి, లేవదీసింది.

తిరుగు ప్రయాణంలో కారు ఎర్సీలియా తోలింది. డొనాటోకు సారా మత్తు ఇంకా దిగలేదు. సబీనో పక్క సీట్లో పొందికగా, మోచెయ్యి ఆమెకు తగలకుండా సర్దుకు కూర్చున్నాడు. ఎర్సీలియా నోట విన్నదంతా రొక్కీనా వెనకనుంచి అతనికి చెప్పింది. విని, "క్షమించండి," అన్నాడు మెల్లగా. "నమ్మనని కాదు. ఎంత వెతికినా కనిపించడం లేదు, అంతే." కొండలు దిగాయి, చేలు అయిపోయాయి, పెద్ద రోడ్డు వచ్చింది. పదకొండు రోజులు ఇప్పుడు ఒక్క తలలోనే మిగిలాయి. ఆ బరువు చెదిరిపోకూడదన్నట్టు ఎర్సీలియా నెమ్మదిగా తోలింది.

ఏడుకు ఐదు నిమిషాలుండగా నేపుల్స్‌లో అద్దె కార్ల ఆఫీసు ముందు ఆపింది. అక్కడి ఉద్యోగి కళ్ళద్దాలు పైకి తోసుకుని కారు చుట్టూ ఒకసారి తిరిగాడు.

"కారు మీ పేరు మీదుంది," అన్నాడు సబీనోతో. "తోలుకొచ్చింది ఈవిడ. ఈవిడ పేరు కాగితంలో లేదే. మీకేమవుతారు?"

రొక్కీనా నోరు తెరిచింది. డొనాటో ఆమె చెయ్యి నొక్కాడు.

సబీనో తన వేలి ఉంగరాన్ని చూసుకున్నాడు. ఆమె వేలి ఉంగరాన్ని చూశాడు.

"మా ఆవిడేనట," అన్నాడు.

"'అట' ఏంటయ్యా? పొద్దున్నే పెళ్ళి చేసుకున్నావా? సరే, ఈ కాగితం నింపు."

సబీనో కలం తీసుకున్నాడు. మొదటి గడి దగ్గరే ఆగిపోయాడు. ఎర్సీలియా తన పేరు చెప్పింది, తర్వాత ఇంటిపేరు. అతను తప్పు పోకుండా, బడిలో చేరిన పిల్లాడిలా ఒక్కో అక్షరమే రాశాడు. పుట్టిన ఊరు అడిగాడు. చెప్పింది. పుట్టిన తేదీ అడిగాడు. మార్చి తొమ్మిది అని చెప్పింది. రాశాడు.

కలం కాగితం మీదినుంచి ఎత్తి, ఆమె ముఖంలోకి చూశాడు.

"మీరు పుట్టిన రోజు వాన పడిందా?" అని అడిగాడు.

ఆ కాగితంలో అలాంటి గడి ఏదీ లేదు.