అలమేలమ్మ చెవులు

పురసవాక్కంలోని ఆ ఇంట్లో ఉదయం ఏడు గంటలకు కాఫీ వాసనతో పాటు చెక్కిన పెన్సిళ్ల వాసన కూడా ఉండేది. ఆ రోజు కూడా హైందవి కిటికీ పక్కన కూర్చుని, సూదిమొనలా చెక్కిన పెన్సిలుతో నాయనమ్మ కనుబొమలో ఒక్కొక్క వెంట్రుకే గీస్తున్నది. పదకొండు వారాలుగా ఇదే పని. ఏడాది క్రితం పోయిన అలమేలమ్మ ముఖం చర్మపు రంధ్రాలతో, పెదవి చివరి పగుళ్లతో, కాగితం మీదే ఊపిరి పీల్చబోతున్నట్టున్నది.

"పాలాయన నిన్న ఫోటో అనుకొని దండం పెట్టేసినాడు" అన్నది తల్లి జయంతి నవ్వుతూ. "నీ దగ్గరుండే ఫోటోనే పెద్దది చేయించి ఉంటే ఇంత అవస్థ ఎందుకే?"

"ఆ ఫోటో తీసేటప్పుడు అవ్వను నేను సరిగ్గా చూడలేదుమా. ఇప్పుడే చూస్తా ఉండాను."

తండ్రి విజయకుమార్ కొత్త నగల షోరూము శుక్రవారం ప్రారంభం. ద్వారానికి ఎదురుగా తన తల్లి బొమ్మ ఉండాలని అతనే కోరాడు. బీకాం ముగించి పెన్సిలు పట్టిన కూతురిని మూడేళ్లుగా "ఎందుకూ కొరగాని పని" అని ఎత్తిపొడిచిన మనిషి, తొలిసారి ఆమెను అడిగి చేయించుకున్న పని ఇది. అందుకే హైందవి ఒక్క గీతనూ తేలికగా గీయలేదు.

స్నానం ముగించి వచ్చిన విజయకుమార్, వజ్రాలు పరీక్షించే చిన్న భూతద్దం జేబులో వేసుకుంటూ బల్ల దగ్గర ఆగాడు.

"అబ్బో! ఒక్క ముడత వదల్లేదే. అచ్చం మా అమ్మే!"

హైందవి ముఖం వికసించింది. అంతలో అతని చూపు బొమ్మలోని చెవుల మీద నిలిచింది.

"ఈ పుల్లలు తీసేయ్."

అలమేలమ్మ చెవులకు కమ్మలు లేవు. రంధ్రాలు పూడిపోకుండా దూర్చుకున్న వేపపుల్లలు ఉన్నాయి. ముప్పై ఆరేళ్లు ఆమె అలాగే తిరిగింది. అది ఏదో మొక్కు అని ఇంటిల్లిపాదీ నమ్మారు.

"అవ్వకు ఉండేవి అవే కదా నాయనా."

"నగల అంగడి ఓనరు తల్లికి వేపపుల్లలా? గిరాకీలు నవ్విపోతారు. ఏడురాళ్ల కమ్మలు పెట్టు."

"పెట్టలేను."

"చేతగాదా?"

"చేతనవును. కమ్మ పెడితే దాని బరువుకు చెవి తమ్మె సాగాల. తమ్మె మారిస్తే చెవి మార్చాల, చెవి మారిస్తే దవడ మారుతుంది. అప్పుడు అది అవ్వ కాదు, ఇంకెవరో."

"అడిగి గీయించుకున్నది నేను! మాట వినకుంటే శుక్రవారం నుంచి బిల్లింగులో కూర్చో. ఈ పెన్సిళ్లన్నీ అటకెక్కిస్తా."

"ఏందిరా విజయా, వీధి దాకా వినబడతా ఉండాది?" అంటూ లోపలికి వచ్చింది అతని అక్క హేమమాలిని. రెండు వీధుల అవతల ఉంటుంది. బడిలో ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పిన మనిషి కావడం చేత ఆమె అడిగితే జవాబు చెప్పక తప్పేది కాదు. సంగతి విని తల పంకించింది. "అమ్మ మొక్కును చెరపడానికి నువ్వెవరురా?"

"మొక్కూ లేదు, గిక్కూ లేదు!"

అన్న తరువాత అతడే ఉలిక్కిపడ్డాడు. వెంటనే బల్ల మీది రబ్బరు తీసుకున్నాడు. జయంతి "ఏమండీ, వద్దు!" అన్నది. హైందవి మాత్రం కుర్చీలోంచి లేచి పక్కకు తప్పుకున్నది.

"చెరుపు నాయనా. కానీ నీ చేత్తోనే చెరుపు."

అతడు భూతద్దం కంటికి ఆనించుకుని వంగాడు. నలభై ఏళ్లుగా రాళ్లలో లోపాలు వెదికిన కన్ను అది. పుల్ల కొసన సగం ఊడిన బెరడు కనిపించింది. ప్రతి శుక్రవారమూ తల్లి కొత్త పుల్ల గిల్లుకునేది. తమ్మె మీద నూగు, రంధ్రం చుట్టూ నల్లబడిన చర్మం, అన్నీ అక్కడ ఉన్నాయి. ఎంత వెదికినా అబద్ధం దొరకలేదు. రబ్బరు పట్టిన చెయ్యి కాగితానికి చేరకుండానే ఆగిపోయింది.

"అక్కా," అన్నాడు తల ఎత్తకుండా. "అమ్మ కమ్మలు కన్నియమ్మ తియ్యలా. నేనే తీసినా. సౌకార్‌పేటలో అమ్మేసి మన మొదటి అంగడికి అడ్వాన్సు ఇచ్చినా."

కన్నియమ్మ ఆ ఇంట్లో పన్నెండేళ్లు పనిచేసిన మనిషి. కమ్మలు దొంగిలించిందని ముద్ర వేసి ముప్పై ఏడేళ్ల క్రితం ఆమెను వెళ్లగొట్టారు.

హేమమాలిని తమ్ముడి వైపు ఒక అడుగు వేసింది. "ఒరే, వీధిలో నిలబెట్టి ఆమె మూట విప్పించింది నేను కదరా! అమ్మకు తెలుసా?"

"తెలుసు. ఒక్క మాట అనలా. తరువాత నేను కొత్త కమ్మలు తెచ్చిస్తే, 'నువ్వు నిజం చెప్పిన రోజు పెట్టుకుంటా' అన్నింది."

అతడు చేతుల్లో ముఖం దాచుకున్నాడు. హేమమాలిని కళ్లు తుడుచుకుని చెప్పులు వేసుకున్నది. "లే. ఆమె ఇప్పుడు వ్యాసర్పాడిలో కూతురింట్లో ఉండాది. నింద వేసింది వీధిలో, తీసేదీ వీధిలోనే. ఇప్పుడే పోవాల."

హైందవి బొమ్మను పలుచని కాగితంలో చుట్టి వాళ్లతో పాటు ఆటో ఎక్కింది.

గుమ్మం ముందు పూలు కడుతున్న ముసలామె ఎదుట, ఇరుగుపొరుగు వినేటట్టు విజయకుమార్ చెప్పాడు. "కన్నియమ్మా, కమ్మలు తీసిన దొంగను నేను. నింద నీ మీద వేసినాను. నన్ను క్షమించు."

ఆమె చేతిలోని దారం ఒళ్లో పెట్టింది.

"పెద్దమ్మగారికి తెలుసా?"

"తెలుసు."

"తెలిసి కూడా నన్ను పిలవలేదా?"

హేమమాలిని ముందుకు వచ్చి అన్నది. "పిలవలా. కొడుకును కాపాడుకొని, తన చెవులకు శిక్ష వేసుకున్నింది. నీకు న్యాయం చెయ్యలా. అది మా అమ్మ తప్పు."

హైందవి మోకాళ్ల మీద కూర్చుని కాగితం విప్పింది. కన్నియమ్మ ఆ ముఖాన్ని చూసింది. పుల్లలను చూసింది.

"ఎన్నాళ్లు పెట్టుకున్నింది ఇవి?"

"నువ్వు పోయిన నాటి నుంచి, అమ్మ పోయేదాకా" అన్నది హేమమాలిని.

ముసలామె వెక్కి వెక్కి ఏడ్చింది. తడిసిన వేలితో ఆ చెవి తమ్మెను మెల్లగా నిమిరింది. వేలు తగిలితే పెన్సిలు పొడి చెదురుతుందని తెలిసి కూడా హైందవి ఆపలేదు. తమ్మె మీద నుంచి మెడ దాకా బూడిదరంగు చార పడింది.

"అయ్యో, చెడగొట్టేసినానా పాపా?"

హైందవి నోరు విప్పేలోగా విజయకుమార్ కన్నియమ్మ పక్కన నేల మీద కూర్చున్నాడు.

"లేదు కన్నియమ్మా," అన్నాడు. కూతురి వైపు తిరిగాడు. "హైందవీ, నువ్వు గీసింది గీసినట్టే ఉండనీమ్మా. ఆ చార కూడా. శుక్రవారం అట్లే పెడదాం."