ఇంకా నానలేదు

“ఆగు! ఇంకా నానలేదు!”

స్టూలు మీంచి అతను అరిచిన అరుపుకి ఆమె చేతిలోని పుట్టీ బ్లేడు జారి కాలి పక్కన పడింది. కొంచెంలో బొటనవేలు తప్పింది.

“పొద్దుట్నుంచి నానుతూనే ఉంది కదా! ఇది గోడ కాగితమా, నానబెట్టిన శనగలా?”

“తొందరపడి గీకితే గోడ పెచ్చులూడుతుంది. మా బేకరీలో పిండి కూడా అంతే. పొంగేదాకా ముట్టుకోకూడదు.”

అతను పై వాటాలో ఉంటాడు, బేకరీలో రొట్టెలు కాలుస్తాడు. అందుకే ఆమె అతనికి బన్ను అని పేరు పెట్టింది. ఆమె పనిచేసేది కళ్ళద్దాల షాపులో. కాబట్టి అతనికి ఆమె కళ్ళద్దాలు.

అసలీ గొడవంతా ఆమె అక్క కూతురు తెచ్చిపెట్టింది. పాకడం నేర్చిన దగ్గర్నుంచి ఆ పిల్లకి గోడ తప్ప మరో లోకం లేదు. ఊడిన అంచు దొరకబుచ్చుకుని చర్రున లాగడం, నోట్లో కుక్కుకోవడం. అక్క రోజంతా దాని నోట్లో వేలు పెట్టి ముక్కలు తీస్తూనే ఉంది. “గొంతుకి అడ్డం పడితే? ఆ జిగురులో ఏం కలిపారో ఏమో!” అంటూ నిద్రపోతున్న పిల్ల ముక్కు దగ్గర కూడా వేలు పెట్టి ఊపిరి చూసుకుంటోంది. బావది ఊళ్ళు తిరిగే ఉద్యోగం. అందుకని పై వాటా అబ్బాయిని బతిమాలింది.

తీరా మొదలుపెడితే, పూల కాగితం కింద చారల కాగితం. చారలు గీకితే చిలకల కాగితం!

“ముందున్నవాళ్ళకి పాతది తీయాలంటే బద్ధకమనుకుంటా,” అన్నాడు బన్ను చిలకల మీద నీళ్ళు అద్దుతూ.

“నీ బంధువులేమో కనుక్కో.”

ఆమె కోపం కాగితం మీద కాదు. షాపువాళ్ళు వేరే ఊళ్ళో కొత్త బ్రాంచి తెరుస్తున్నారు. దాన్ని చూసుకోవడానికి ఆమెని వెళ్ళమన్నారు. వెళ్తుందో లేదో సోమవారం చెప్పాలి. పొద్దున బకెట్ అందిస్తూ ఆ సంగతి చెబితే, అతను స్పాంజ్ పిండుతూ, “ఓహో, మంచిదే కదా,” అన్నాడు.

ఓహోనట! రోజూ షాపు మూసే వేళకి ఎదురుగా నిలబడి బస్టాపుదాకా తోడొచ్చేవాడు, వానొస్తే గొడుగంతా ఆమె వైపే వంచి తను ముద్దయిపోయేవాడు, మాట రావాల్సిన చోట మాత్రం ఓహో! ఆమె ఆశలన్నీ గోడకు కొట్టిన సున్నమయ్యాయి.

మురికినీళ్ళు పారబోసి వస్తుంటే వంటింట్లోంచి అక్క గొంతు వినిపించింది. “ఎన్నాళ్ళని నాన్చుతావు బాబూ? అది వెళ్ళిపోతుంది, చూసుకో!”

అది అంటే తనే. ఆమె గుమ్మం దగ్గరే ఆగిపోయింది.

“అది ఎక్కడికీ పోదక్కగారూ. గట్టిగా అతుక్కునుంది,” అన్నాడు బన్ను తాపీగా. “నీళ్ళు కొడుతూ ఉంటే దానంతటదే దారికొస్తుంది.”

ఆమె బకెట్‌ని ధడాలున నేలకేసి కొట్టింది.

“ఎవరు అతుక్కున్నారు? ఎవరు దారికొస్తారు?”

“చి… చిలకల కాగితం!”

వంటింట్లో అక్క నెత్తి కొట్టుకుంది. “ఖర్మ! నేనడిగింది మా చెల్లి గురించి నాయనా!”

బన్ను చెవులు ఎర్రబడ్డాయి. స్టూలు దిగబోయి స్పాంజ్ మీద కాలేసి, జారి, గోడ పట్టుకుని నిలబడ్డాడు.

“సోమవారం వెళ్తానని చెప్పేస్తున్నా,” అంది ఆమె. “నువ్వు తీరిగ్గా నీళ్ళు కొట్టుకో.”

“చెప్పు! సొంతంగా ఒక షాపు నడపాలని గొడుగు కింద నాతో ఎన్నిసార్లు అన్నావు? వద్దని ఎలా అననూ? ఉండమంటే నా కోసం ఆగిపోతావని భయం. వెళ్ళమంటే నిజంగానే వెళ్ళిపోతావని భయం. మధ్యలో ఓహో ఒక్కటే నోటికొచ్చింది!”

“ఉండు, వెళ్ళు, ఈ రెండేనా? మూడో మాట లేదా?”

అతను కాలికింది స్పాంజ్ తీసి పక్కన పెట్టాడు.

“ఉంది. నేనూ వస్తా. ఆ ఊళ్ళో మాత్రం జనం రొట్టె తినరా?”

“ఈ ముక్క పొద్దున చెప్పడానికేం?”

“పొద్దున ఇంకా…”

“నానలేదు అన్నావంటే ఈ బకెట్ నీ నెత్తిన…” అంటూ ఆమె బకెట్ ఎత్తి అతని మీదికి వచ్చింది.

గోడ మీద సుయ్‌మని చప్పుడైంది. పట్టించుకునే దిక్కులేక హాయిగా నానిన చిలకల కాగితం, పైనుంచి కిందిదాకా ఒక్క ముక్కగా ఊడి, తడి దుప్పటిలా ఇద్దరి మీదా పడింది.

“చూశావా,” అన్నాడు లోపల్నుంచి గుసగుసగా, “ఒక్క చిరుగు లేదు.”

“నోర్ముయ్,” అంది. కాగితం కింద దొరికిన అతని చెయ్యి మాత్రం వదల్లేదు.

పిల్లని చంకనేసుకుని వచ్చి అక్క కాగితం అంచు ఎత్తింది. పిల్ల ఒక చిలకని పీకి నోటి దాకా తీసుకెళ్ళనే తీసుకెళ్ళింది, అక్క టక్కున లాగేసింది.

“మా చెల్లి తిక్క ఇన్నాళ్ళు నేను భరించాను, ఇక నీ వంతు. అమ్మానాన్నలతో నేను మాట్లాడతా. కానీ బాబూ, మిగతా మూడు గోడలూ అయ్యేదాకా ఇద్దరూ ఊరు కదలడానికి వీల్లేదు!”

తాపీకి తాతలాంటి బన్ను ఒక్క ఉదుటున బ్లేడు అందుకుని, చుక్క నీళ్ళు పడని రెండో గోడ మీదికి దూకాడు.

“ఆగు!” ఆమె అతని చెయ్యి పట్టుకుంది. “ఇంకా నానలేదు.”