వంక దొరకని చోటు

పొద్దున్న ఏడింటికి సీతారామలక్ష్మి భర్తకు రాగిజావ పట్టడం మొదలుపెడితే, అయ్యేసరికి ఎనిమిది దాటేది. పక్షవాతం వచ్చినప్పటి నుంచీ సూర్యప్రకాశం గారికి మాట పోయింది, కుడిపక్క పడిపోయింది, మింగడం కష్టమైంది. ఆయన్ని నిటారుగా కూర్చోబెట్టాలి. జావ చిక్కగా కాచి, ఒక్కో చెంచా నోట్లో పెట్టి, గుటక పడిందో లేదో గొంతు మీద వేలు ఆనించి చూసి, అప్పుడు రెండోది పెట్టాలి. తొందరపడితే ఊపిరితిత్తుల్లోకి పోతుందని డాక్టరు భయపెట్టాడు. రెండేళ్లుగా ఆవిడ ఒక్క పూట కూడా తొందరపడలేదు.

ఇప్పుడు చెంచా ఎడంచేతిలోకి వచ్చింది. కుడి మణికట్టుకి కట్టు ఉంది. పదిరోజుల క్రితం బాత్రూములో ఆయన్ని లేపబోయి ఇద్దరూ పడ్డారు. పనిమనిషి వచ్చేదాకా, గంటసేపు, ఆ తడినేల మీద ఆయన తల ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. తనకి డెబ్భై ఏళ్లొచ్చాయని ఆవిడకి ఆ రోజే తెలిసింది.

కబురు వినగానే కూతురు హైమ రాజమండ్రి నుంచి తణుకు పరుగెత్తుకొచ్చి, నాన్నగారిని ముసలివాళ్లని చూసుకునే మంచి హోమ్‌లో చేర్చాల్సిందేనని తేల్చేసింది. వాళ్లది మూడో అంతస్తు, లిఫ్టు లేదు, భార్యాభర్తలిద్దరూ ఉద్యోగస్తులు. ముందుగా ఫోన్ చేసి మరీ ఒక హోమ్ చూడ్డానికి వెళ్లింది. అక్కడివాళ్లు గేటు దాకా ఎదురొచ్చి, కొబ్బరినీళ్లిచ్చి, అరిటాకు వేసి పనసపొట్టు కూరతో భోజనం పెట్టి, వచ్చేటప్పుడు పూతరేకుల పెట్టె చేతికిచ్చారు. మా గోదావరి వాళ్లకి ఆకు వేసి కొసరి కొసరి వడ్డిస్తే చాలు, ఎదుటి మనిషిలో ఇంక తప్పు కనబడదు. ఎంత మర్యాదస్తులో అని మురిసిపోయి, సోమవారం చేరుస్తామని హైమ మాట కూడా ఇచ్చేసి వచ్చింది.

సీతారామలక్ష్మి ఆ హోమ్ ఎక్కడో అడిగి తెలుసుకుంది. మర్నాడు భర్త దగ్గర పనిమనిషిని కూర్చోబెట్టి, హైమ నిద్ర లేవకముందే బస్సెక్కింది. సరిగ్గా మధ్యాహ్నం భోజనాల వేళకి, చెప్పాపెట్టకుండా ఆ హోమ్‌లో దిగింది. సాయంత్రం తిరిగొచ్చేసరికి కూతురు గుమ్మంలోనే కాచుకుని ఉంది.

"చేతికి కట్టుతో బస్సులెక్కడమేంటమ్మా? ఎక్కడికెళ్లావ్?"

"నువ్వు చూసొచ్చిన చోటికే. అక్కడ వద్దు."

"ఎందుకొద్దు? వాళ్లు నన్నెంత బాగా చూశారో తెలుసా?"

"నీకు పెట్టింది చూశావు. మంచం మీద ఉన్నవాళ్లకి పెట్టేది చూశావా? ఒక ముసలాయన్ని వెల్లకిలా పడుకోబెట్టి నోట్లో పల్చటి చారన్నం పోస్తున్నారు. ఆయన దగ్గుతుంటే ఆ పిల్ల ఫోన్ చూసుకుంటోంది. దుప్పటి ఎత్తి చూశాను. మడమలు పుండ్లు పడిపోయాయి."

అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టుకుంటే తెలుస్తుంది. ఆ మెతుకు తను పట్టుకోలేదని హైమకి సిగ్గేసింది. సిగ్గుపడ్డ మనిషికి కోపం ఇంకాస్త ఎక్కువ వస్తుంది.

"నీకు ఏ హోమూ నచ్చదమ్మా. ఇది కాకపోతే ఇంకోదానికి వంక పెడతావు. నాన్నగారిని ఎవరి చేతిలోనూ పెట్టడం నీకిష్టం లేదు. మళ్లీ పడితే? ఈసారి ఆయన తల పగిలితే ఏం చేస్తావు?"

ఆ మాట సూటిగా తగిలింది. సీతారామలక్ష్మి కట్టు కట్టిన చేతి వంక చూసుకుని, ఇంకొకటి చూద్దామంది. ఈసారి ఫోన్ మాత్రం చెయ్యొద్దంది.

రెండోది రాజమండ్రిలో, హైమ ఇంటికి పది నిమిషాల నడక. పనిమనిషిని ఆయన దగ్గరుంచి తల్లీకూతుళ్లు వెళ్లేసరికి పన్నెండున్నర. లోవలక్ష్మి అనే నర్సు ఎదురొచ్చి, ముందు చేతులు కడుక్కోమంది. మావాళ్ల భోజనాలవుతున్నాయండి, అయ్యాక మాట్లాడతాను, ఈలోగా మంచాల మీద ఉన్నవాళ్లనడిగి, వాళ్లు ఒప్పుకున్న చోటల్లా చూసుకోండి అని చెప్పి లోపలికి వెళ్లిపోయింది. కూర్చోమనలేదు, కాఫీ మాటెత్తలేదు. గుమ్మంలోకి వచ్చినవాళ్లకి మంచినీళ్లైనా ఇవ్వని మనిషిని హైమ పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. మొహం ముడుచుకుని, పోదాం పదమంది. తల్లి అప్పటికే లోపలుంది.

ఆవిడ వంక వెతకడానికే వచ్చింది, ఆ పని శ్రద్ధగానే చేసింది. బాత్రూముల్లో గోడకి బిగించిన కడ్డీలు ఊగుతాయేమోనని లాగి చూసింది. నేల జారుతుందేమోనని కాలితో రుద్దింది. ఒక ముసలమ్మనడిగి ఆవిడ మడమలు తడిమింది. రాత్రిపూట ఎవరుంటారో నర్సుని కాక ఆ ముసలమ్మనే అడిగింది. ఎప్పుడు గంట కొట్టినా ఎవరో ఒకరు వస్తారని ఆమె చెబితే, నమ్మకం కుదరక తనే గంట కొట్టింది. ఇద్దరు ఆయాలు పరుగున వచ్చారు. కిటికీ పక్కన ఒక పెద్దాయన్ని నిటారుగా కూర్చోబెట్టి లోవలక్ష్మి మెత్తటి పప్పన్నం తినిపిస్తోంది. ముద్ద పెట్టినప్పుడల్లా ఆమె వేలు ఆయన గొంతు మీద ఆగుతోంది.

సీతారామలక్ష్మి ఆ మంచం దగ్గర చాలాసేపు నిలబడింది. తర్వాత వరండాలోకి వచ్చి, బల్ల మీద కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది. హైమ కంగారుపడి, లోపల ఏం కనబడిందని అడిగింది.

"ఏమీ కనబడలేదే. ఒక్క వంకైనా దొరకదా అని వచ్చాను. దొరకలేదు."

హైమకి అప్పుడర్థమైంది. ఇన్నాళ్లూ మొండితనమనుకున్నది మొండితనం కాదు. యాభై ఏళ్లు కలిసి బతికిన మనిషిని తన చేతులతోనే ఇంకొకరికి అప్పగించాలి. దానికి ఆవిడ దగ్గర మిగిలిన అడ్డం ఆ ఒక్క వంకే. హైమ తల్లి పక్కన కూర్చుని, ఇంక మా ఇంట్లోనే ఉందువుగాని, పొద్దున్నే వచ్చి సాయంత్రం దాకా నాన్నగారి దగ్గరే గడుపుదువుగాని అంది.

"మరి రాత్రుళ్లో?" అంది తల్లి.



సోమవారం ఆయన్ని తీసుకొచ్చారు. బాగున్న ఎడంచేత్తో భార్య కొంగు పట్టుకుని ఆయన చుట్టూ చూస్తున్నారు. చేర్చుకునే ముందు అలవాట్లన్నీ రాయాలని లోవలక్ష్మి కాగితం ఇచ్చింది. తల్లి చేతికి కట్టుంది కాబట్టి హైమ రాసింది. స్నానానికి నీళ్లు ఎంత వేడి ఉండాలి, ఏ కూర పెడితే మొహం తిప్పేసుకుంటారు, భయమేస్తే ఎలా తెలుస్తుంది, అన్నిటికీ సీతారామలక్ష్మి తడుముకోకుండా చెప్పింది.

"నిద్రలో ఏ పక్కకి తిరిగి పడుకుంటారండీ?" అని చివరికి లోవలక్ష్మి అడిగింది.

"నా పక్కకి."

హైమ పెన్ను ఆగిపోయింది. కళ్లు తుడుచుకుని, అమ్మ పక్కకి అని రాసింది.

లోవలక్ష్మి ఆ కాగితం తీసుకుని చదివింది. "కొత్త చోటు కదండీ. మొదటి వారం మీరూ ఇక్కడే పడుకోండమ్మగారూ. తర్వాత మెల్లగా ఆయనకి అలవాటు చేద్దాం" అంది.

"ఆయనకి కాదమ్మా, నాకు" అంటూ సీతారామలక్ష్మి, ఆయన ఎడమపక్కన మంచం వేయించుకోవడానికి లేచింది.