మడత నలగని పసుప్పచ్చ జాకెట్

హలో, నా గొంతు వస్తోందా అండీ? వెనకాల ఉన్నవాళ్ళకి కూడా? ఫోన్ చూసుకుంటూ రోడ్డు దాటుతున్నవాళ్ళు ముందు అవతలికి చేరండి, తర్వాత చదవండి. తొందరేం లేదు, నేనెక్కడికీ పోను. ఇవాళ చెప్పేది చిన్న కేసు. చిన్నదే కానీ నాకు రాత్రి అన్నం సయించలేదు.

శవం రోడ్డు పక్క గడ్డిలో బోర్లా పడి ఉంది.

పక్కనే సైకిలు. వెనక చక్రం వంగిపోయింది. టిఫిన్ బాక్స్ మూత ఊడి దూరంగా పడింది.

పోయిన మనిషి బేకరీ మాస్టర్. రోజూ తెల్లారకముందే డ్యూటీకి ఇదే దారిలో వెళ్తాడు.

ఇన్‌స్పెక్టర్ నడిచే వచ్చాడు. స్టేషన్లో వెనకాల ఆయన్ని నత్త సార్ అంటారు. ఏ కేసైనా పాకుతూనే తేలుస్తాడు. కానీ తేలుస్తాడు.

అప్పటికి సూర్యుడు వచ్చేశాడు. గట్టు మీద పాలవ్యాన్ డ్రైవర్ కూర్చుని ఉన్నాడు. నలభై ఏళ్ళుంటాయి. అంబులెన్స్‌కి ఫోన్ చేసింది అతనే.

"ఎన్నింటికి జరిగింది?"

"ఐదుంపావు అయ్యుంటుంది సార్."

"వెలుతురు ఉందా?"

"లేదు. ఈ మలుపుకీ ఆ మలుపుకీ మధ్య వీధి దీపాల్లేవు."

"నీ హెడ్‌లైట్లు?"

"వేసే ఉన్నాయి."

"మరి?"

"కనపడలేదు సార్. తగిలాకే తెలిసింది, మనిషని."

కానిస్టేబుల్ నవ్వాడు. "కనపడలేదంట. ఆ జాకెట్ చూడండి సార్. మూడో అంతస్తులోంచి చూసినా కళ్ళు జిగేల్మంటాయి. నీ కళ్ళేమైనా ఇంట్లో మర్చిపోయి వచ్చావా బాబూ?"

నిజమే. శవం ఒంటి మీద పసుప్పచ్చ జాకెట్. వీపు మీద రెండు వెండి రంగు పట్టీలు. జిప్పు మెడ దాకా ఉంది.

ఆ ఊళ్ళో రూలు కచ్చితం. చీకట్లో సైకిలెక్కితే పట్టీల జాకెట్ వేసుకోవాలి. సైకిల్ని దాటే బండి మీటరున్నర ఎడం వదలాలి. బేకరీ మాస్టర్ తన రూలు పాటించాడు. డ్రైవర్ పాటించలేదు.

అంతలో చనిపోయినతని తమ్ముడు ఆటో దిగాడు. దిగుతూనే డ్రైవర్ కాలర్ పట్టుకున్నాడు.

"వీడే సార్. పోయిన నెల ఇదే రోడ్డు మీద మా అన్నయ్యతో గొడవ పడ్డాడు. ఏమన్నావురా? చెప్పు సార్‌కి."

డ్రైవర్ తల దించుకున్నాడు. "రోడ్డు మీ తాతదా, పక్కకి తప్పుకో అన్నాను సార్. అన్న మాట నిజం. అంతమాత్రానికి చంపుతానా?"

కానిస్టేబుల్‌కి ఇంకేం కావాలి. పగ ఉంది. జాకెట్ ఉంది. చూసి కూడా గుద్దాడు. హత్య కేసు అన్నాడు.

నత్త సార్ మాత్రం వంగి జాకెట్ కాలర్ వెనక్కి తిప్పి చూశాడు.

మధ్యాహ్నానికి రిపోర్టులు వచ్చాయి. డ్రైవర్ మందు తాగలేదు. ఫోన్ మాట్లాడలేదు. వ్యాన్ జీపీఎస్ తీశారు. స్పీడ్ లిమిట్ దాటలేదు. రోడ్డు మీద బ్రేకు గుర్తు గుద్దిన చోటు తర్వాతే మొదలైంది.

"చంపాలనుకున్నవాడు తర్వాత మాత్రం ఎందుకు బ్రేకు వేస్తాడు?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"నాటకం సార్."

"కావచ్చు. మాస్టర్ ఇంటికెళ్ళొస్తాను."

ముందుగదిలోనే ఇస్త్రీ బల్ల ఉంది. హ్యాంగర్లకి చొక్కాలు, ఒక్క ముడత లేకుండా. మాస్టర్ భార్య గోడకి ఆనుకుని కూర్చుంది. ఏడ్చి ఏడ్చి కళ్ళు ఎండిపోయినట్టున్నాయి.

ఇన్‌స్పెక్టర్ అడగకముందే ఆమే అడిగింది.

"ఒక్కటి చెప్పండి సార్. జాకెట్ వేసుకునే ఉన్నాడా?"

"ఎందుకమ్మా అలా అడుగుతున్నారు?"

"నా పోరు పడలేక వేసుకునేవాడు. రోడ్డు తవ్వేవాడిలా ఉన్నానని ఒకటే గొణుగుడు. సందు మలుపు తిరగ్గానే తీసి సంచిలో కుక్కేస్తాడేమోనని నాకనుమానం. సైకిలు వెనక లైటు ఎవరో ఎత్తుకుపోయారు. ఈ జాకెట్ ఒక్కటే దిక్కు. తీసేశాడా?"

"లేదమ్మా. జిప్పు మెడ దాకా పెట్టుకునే ఉన్నారు."

"అమ్మయ్య," అంది ఆమె.

మొగుడు పోయిన రోజున అమ్మయ్య అనుకోవాల్సి వచ్చింది ఆ తల్లికి. 

"జాకెట్ చాలా శుభ్రంగా ఉతికి ఉందమ్మా."

"ఉండదా మరి. రోజూ వెన్న మరకలు. మరిగే నీళ్ళలో నానబెట్టేదాన్ని. తర్వాత ఇస్త్రీ. మడత నలిగితే అదొక వంక, వేసుకోనని. అందుకే పట్టీల మీద కూడా ఇస్త్రీపెట్టె గట్టిగా అదిమేదాన్ని."

"మెడ దగ్గర లేబుల్ లేదు. దారం ముక్కలున్నాయి."

"గుచ్చుకుంటోందన్నాడు. కొన్న రోజే కత్తిరించేశాను."

ఇన్‌స్పెక్టర్ ఒకసారి ఇస్త్రీ బల్లకేసి చూశాడు. జాకెట్ ఎక్కడ కొన్నారో కనుక్కుని లేచాడు.

మర్నాడు అందర్నీ స్టేషన్‌కి రమ్మన్నాడు. తమ్ముణ్ణి ఒంటరిగా రమ్మని మరీ మరీ చెప్పాడు. అతను వదినని వెంటబెట్టుకొచ్చాడు.

"వీడు జైలుకెళ్ళేది మా వదిన కళ్ళారా చూడాలి సార్."

"అమ్మా, మీరు బయట కూర్చోండి."

"నేనూ వింటాను సార్," అందామె. బతిమాలినా కదల్లేదు.

వెనక రికార్డుల గదికి కిటికీల్లేవు. గోడకి రెండు జాకెట్లు వేలాడుతున్నాయి. ఒకటి మాస్టర్‌ది. ఇంకోటి అదే కొట్టులో కొన్న కొత్తది. రెండూ అచ్చం ఒకేలా ఉన్నాయి.

ఇన్‌స్పెక్టర్ తలుపు మూసి లైటు ఆర్పేశాడు. గది ఈ చివర నుంచి టార్చి వేశాడు.

కొత్త జాకెట్ పట్టీలు భగ్గుమన్నాయి. గోడకి నిప్పంటుకున్నట్టు.

పక్కన ఏముందో ఎవరికీ కనపడలేదు. కళ్ళు చికిలించి చూస్తే ఏదో గుడ్డ.

"పగలు ఒకేలా ఉన్నాయి కద సార్," అన్నాడు కానిస్టేబుల్. గొంతులో నవ్వు లేదు.

"మనం పగలే చూశాం. అదే మన తప్పు. పట్టీలో సన్నటి గాజు రవ్వలుంటాయి. మీద పడ్డ లైటుని వెనక్కి తిప్పి కొడతాయి. అవి పాడైతే పట్టీ ఉంటుంది, మెరుపు ఉండదు. ఇతనికి కనపడలేదన్నది అబద్ధం కాదు."

"అయితే నకిలీ సరుకు అమ్మారు. ఆ కొట్టువాణ్ణి..." తమ్ముడు ఊగిపోయాడు.

"నకిలీ కాదు. పాతబడింది, అంతే."

"మూడు నెలలే అయింది సార్," అంది ఆమె చీకట్లోంచి.

 ఆమె నడుచుకుంటూ గోడ దగ్గరికి వెళ్ళింది. కొత్త జాకెట్ కాలర్ వెనక్కి తిప్పింది. టార్చి వెలుగులో లేబుల్ తెల్లగా కనపడింది. దాని మీద చిన్న ఇస్త్రీపెట్టె బొమ్మ. బొమ్మ మీద ఇంటూ గుర్తు, ఇస్త్రీ చేయకూడదని.

ఆమె వేలు ఆ బొమ్మ మీదే ఆగిపోయింది.

"నేనే," అంది.

"వదినా, ఊరుకో. నీకేం తెలుసు?"

"తెలీకనే కదయ్యా." ఇన్‌స్పెక్టర్ వైపు తిరిగింది. "అతన్ని వదిలేయండి. నేను ఇస్త్రీ చేశానని రాసుకోండి."

డ్రైవర్ ముందుకొచ్చాడు. 

"లేదమ్మా. లైటు ఎంత దూరం పడుతుందో అంతలో ఆగగలిగేలా నడపాలి చీకట్లో. మాకు అలాగే నేర్పుతారు. స్పీడ్ లిమిట్‌లోనే ఉన్నాను కదా అని ధీమాగా వచ్చేశాను. ఆయన జాకెట్ మెరవకపోయినా నేను చూడాల్సింది."

"హత్య కేసు పెట్టడం లేదు. నిర్లక్ష్యంగా నడిపిన కేసు మాత్రం ఉంటుంది," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"ఉండనివ్వండి సార్."

"మరి నాకు?" అందామె.

"మీకు చట్టంలో సెక్షనేం లేదమ్మా."

"ఉంటే బాగుండేది."

తమ్ముడు గోడ వైపు తిరిగి వెక్కి వెక్కి ఏడుస్తున్నాడు. ఆమె మొగుడి జాకెట్ పట్టీని వేలితో తడిమింది. తర్వాత మెల్లగా అడిగింది.

"మెరవడం లేదని ఆయనకి తెలిసుంటుందా సార్?"

"లేదమ్మా. ఎవరి వీపు వాళ్ళకెలా కనపడుతుంది? మీ జాకెట్ ఉంది కదా అని ఆయన భయం లేకుండానే వెళ్ళారు."

ఓదార్పుగానే అన్నాడు పాపం. ఆమె అక్కడే నేల మీద కూలబడింది. లైటు వేయమని ఎవరూ అనలేదు.

అదండీ. మీ ఇంట్లో అలాంటి జాకెట్ ఉంటే చీకటి పడ్డాక ఒకసారి టార్చి వేసి చూడండి. ఈ కథ సైకిలెక్కే మనిషికి పంపితే సరిపోదు, ఆ మనిషి బట్టలుతికే మనిషికి పంపండి. బండి నడిపేవాళ్ళు తెలిసుంటే వాళ్ళకీ పంపండి. ఇప్పుడే పంపండి, మళ్ళీ మర్చిపోతారు.