ముచ్చట పెడితే మాయం చేసే బంగ్లా

సరూర్‌నగర్ చెరువు పక్కన పాడువడ్డ బంగ్లా ఒకటుండె. దాని ముంగట నిలవడి ముచ్చట పెట్టినోళ్లు మాయమైతరని ఊరంతా చెప్పుకునేటోళ్లు. నిజాం కాలంల గట్లనే మాయమైన్రు. పోలీస్ యాక్షన్ అయినంక గూడ గట్లనే. దున్నేటోనికే భూమి అన్న సర్కారొచ్చినంక దెయ్యం పోతదనుకున్నరు... పోలే.

అరవై తొమ్మిదిల, తెలంగాణ ఉద్యమం జోరు మీదున్నప్పుడు, మా రెబెక్కత్త ఆ దారిలనే పోవాల్సొచ్చింది. ఆమె తమ్ముడు సాలోమోను బడిపంతులు. దిల్‌సుఖ్‌నగర్ మీటింగుల మాట్లాడిండని విచారణ లేకుండ జైల్ల పెట్టే పీడీ యాక్టు కింద వారెంటొచ్చింది. అల్మాస్‌గూడల దాక్కున్నడు. దానికి తోడు జరం. అత్త గోళీలు, సద్ది కట్టుకొని, చీకటి పడంగనే బయలెల్లింది.

బంగ్లా దగ్గరికి రాంగనే —

"ఎవరూ...?"

అత్త ఉన్నకాడనే ఆగింది. దర్వాజల తెల్లగ ఏదో కదిలింది.

"యేసయ్యా..." అన్నది, తనకే ఇనవడనట్టు.

"ఎటు పోతున్నవ్...?"

అత్త సద్దిమూట కొంగు కింద దాసుకున్నది.

"మీ తమ్ముడు... యాడున్నడు?"

గప్పుడు సగం భయం దిగిపోయింది. దెయ్యాలు రక్తం అడుగుతయని ఇన్నది గని — అడ్రసు అడుగుతయని ఎన్నడూ ఇనలే! పైగా బీడీ వాసన. తెల్ల దుప్పటి కింద పాలిష్ కొట్టిన బూట్లు.

సగం పోయినా, ఇంకో సగం అట్లనే ఉన్నది. తమ్ముని పానం ఇప్పుడు తన నాలుక మీదుంది. దండం పెట్టింది.

"చెప్త దొరా, నన్నేం చెయ్యకు... రామచంద్రం సారు ఇంట్ల... మంచం కింద దాక్కున్నడు."

రామచంద్రమంటే పాలక పార్టీ లీడరు. భూసంస్కరణల మీద మైకు పగిలేటట్టు మాట్లాడేటోడు. సొంత భూమి మాత్రం సగం ఎడ్ల పేరు మీద రాసిపెట్టుకున్నడు.

తెల్లది మాయమైంది. బంగ్లా ఎనకనుంచి చప్పుడు... దెయ్యం సైకిలెక్కింది.

పోలీసోళ్లంత ఆ ఇంటికే ఉరికిన్రు. గా టైంలనే అత్త తమ్మున్ని ఎడ్లబండిల గడ్డి కింద పండవెట్టి హయత్‌నగర్ దాటిచ్చింది.

ఇటు లీడరు బనీను మీదనే లొల్లి పెడుతున్నడు. "మా సర్కారుల మా ఇంటికే వస్తరా!" ఇన్‌స్పెక్టరు ఇనలే. వంగి మంచం కిందికి టార్చి కొట్టిండు.

అక్కడ... రెండు కండ్లు!

"సాలోమోనూ! బయటికి రా!"

ఆ మనిషి పాక్కుంట బయటికొచ్చి, బూజు దులుపుకొని, సెల్యూట్ కొట్టిండు.

"నేను సాలోమోను కాద్సార్... మన డిపార్టుమెంటే. ఈ సారేం మాట్లాడుతున్నడో ఇనమని సర్కారే పంపింది."