రెండోసారి విసిరిన కంచం

స్టూడియో మెట్ల కింద 'చప్పుడు' శవం దొరికింది. తల వెనక లోతైన దెబ్బ. లాప్‌టాప్ మాయం.

అతని అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. తలుపు గొళ్ళెం, చీపురు, గిన్నె మూత, ఏది చేతికి దొరికినా రికార్డు చేసి హిప్ హాప్ బీట్‌గా మార్చేవాడు. అందుకే అందరికీ అతను చప్పుడు.

పది రోజులు తిరక్కుండానే అతను సగంలో వదిలేసిన పాట విడుదలైంది. పాడింది స్నేహితుడు తూటా. రాత్రికి రాత్రి జనం నోళ్ళలో నానింది.

అదే రోజు చప్పుడు భార్య అరెస్టుకు కాగితాలు సిద్ధమయ్యాయి. ఇన్‌స్పెక్టర్ సంతకం ఒక్కటే మిగిలింది. ఆ ఇన్‌స్పెక్టరమ్మ సంతకం చేయలేదు. ముగ్గుర్ని స్టూడియోకి పిలిపించింది.

"ఆ సాయంత్రం ఏం విన్నారు?" కింది షాపు టైలర్‌ని అడిగింది.

"మొగుడూ పెళ్ళాల కేకలు మేడమ్. తర్వాత ఖంగుమని ఒక మోత, కాసేపటికి ఇంకోటి. రెండోదానికి ఉలిక్కిపడ్డాను, సూది వేలిలో దిగబడింది. షాపు కట్టేసి డాక్టర్ దగ్గరికి పరిగెత్తాను."

భార్య కళ్ళు తుడుచుకుంది. "మూడు రోజులుగా ఇంటికి రాలేదని ఇక్కడికొచ్చి కోపంతో కంచం విసిరాను. ఆ మహానుభావుడు మైకు పట్టుకొచ్చి, 'ఇంకోసారి విసరవే, బంగారంలా మోగింది' అన్నాడు. నవ్వొచ్చింది. విసిరేసి ఇంటికెళ్ళిపోయాను. నా మాట ఒక్కరూ నమ్మలేదు."

"కథ బాగుంది వదినా," తూటా పెదవి విరిచాడు.

ఇన్‌స్పెక్టర్ అతని వైపు తిరిగింది. "పాట నీకెప్పుడిచ్చాడు?"

"చనిపోడానికి మూడు రోజుల ముందు. పెన్‌డ్రైవ్‌లో."

"తర్వాత ఇక్కడికి వచ్చావా?"

"గడప తొక్కలేదు."

"ఫైల్‌లో మళ్ళీ ఏమైనా కలిపావా?"

"నా గొంతు తప్ప ఏమీ లేదు. బీట్ మొత్తం వాడిదే."

"మంచిది. పాటల కంపెనీకి నువ్వు పంపిన విడి ట్రాకులు, గొంతు వేరుగా బీట్ వేరుగా, తెప్పించాను."

ప్లే నొక్కింది. తూటా గొంతు లేదు. బీట్ ఒక్కటే. ఖంగుమంటూ కంచం మోగింది. ఆ మోత సాగి సాగి సన్నబడుతుండగా, ఎక్కడో కింద నుంచి ఓ అరుపు.

"అమ్మో! నా వేలు!"

టైలర్ కుర్చీలోంచి దిగ్గున లేచాడు. కట్టు కట్టిన వేలు గాల్లో ఊగింది. "మేడమ్! అది నా గొంతే!"

ఇన్‌స్పెక్టర్ పాట ఆపింది.

"పాటలో నీ గొంతు కింద ఇది ఎవరికీ వినపడలేదు," అంది ఇన్‌స్పెక్టర్. "మూడు రోజుల ముందే ఇచ్చిన ఫైల్‌లోకి ఆ సాయంత్రం అరుపు ఎలా వచ్చింది తూటా? అది పోయిన లాప్‌టాప్‌లో తప్ప ఎక్కడా లేదు. ఆవిడ వెళ్ళాక నువ్వొచ్చావు."

తూటా గోడకి జారగిలబడ్డాడు.

"పాట ఇమ్మంటే రెండేళ్ళుగా వాడిది ఒకటే మాట మేడమ్, 'ఇంకా కాలేదు' అని. నా వయసైపోతోంది. లాప్‌టాప్ లాక్కుని పారిపోబోయాను. మెట్ల మీద అడ్డొచ్చాడు. తోసేశాను."

కానిస్టేబుల్ బేడీలు వేసి తీసుకెళ్ళాడు. ఇన్‌స్పెక్టర్ అరెస్టు కాగితాలు అడ్డంగా చించేసింది.

"పాట తీసేయించమంటావా అమ్మా?"

భార్య స్పీకర్ దగ్గరికి వెళ్ళి దాని మీద చెయ్యి వేసింది.

"వద్దు మేడమ్. తూటా పేరు మాత్రం కొట్టేయమనండి. కంచం వాయించింది నేనని వేయమనండి."